తలనొప్పి దాచొద్దు తల్లీ

చిన్నారీ,

నువ్వు మే నెలలో కాఠ్మాండూ మీదుగా టిబెట్‌లోని లాసా వెళ్తున్నావని, పన్నెండు మంది గ్రూపని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "మంచి పని చేస్తోంది, వెళ్ళనీ" అన్నాను. నిజంగానే ఎంతో గర్వంగా అనిపించింది. కానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

పాస్‌పోర్టు, పర్మిట్ సంగతి టూర్ వాళ్ళు చూస్తారు. అక్కడ గైడు లేకుండా మనంతట మనం తిరగనివ్వరు. ఉన్ని బట్టలు, పెదాలకి రాసుకునేది, కందిపొడి పెట్టుకో. లాసాలో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అన్నం సరిగ్గా ఉడకదు. దలైలామా ఫోటో గానీ పుస్తకం గానీ తీసుకెళ్ళకు, ఫోన్‌లో కూడా ఉంచుకోకు, చైనా ప్రభుత్వం ఒప్పుకోదు. దానివల్ల వచ్చే ఇబ్బంది నీకంటే ముందు నీ గైడుకి వస్తుంది. నువ్వు వచ్చేస్తావు, వాళ్ళు అక్కడే బతకాలి.

ఇక అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్షా ఉత్సవం జరిపినప్పుడు మన ధరణికోట వీధుల నిండా టిబెటన్లే. ఒక ముసలామె మా అరుగు మీద కూర్చుంటే మీ అమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది. వెంట కర్ణాటకలో టిబెటన్లు ఉండే బైలకుప్పె నుంచి వచ్చిన కుర్రాడు ఉన్నాడు, హిందీ వచ్చు. "లాసాలో మా పెద్ద మఠానికి మీ ఊరి పేరే" అన్నాడు. డ్రెపుంగ్ అంటే వడ్లరాశి, అంటే మన ఊరి పాత పేరు ధాన్యకటకమే. బుద్ధుడు కాలచక్రం బోధించింది ఇక్కడేనని వాళ్ళ నమ్మకం. ఆ పేరు మీద 1416లో అక్కడ మఠం కట్టుకున్నారు. అప్పటినుంచి అక్కకి, అదే మీ అమ్మమ్మకి, అక్కడికి వెళ్ళాలని ఒకటే ధ్యాస. 2013 సెప్టెంబరులో ఇద్దరం బయల్దేరాం. తనకి 64, నాకు 59.

లాసా 3,650 మీటర్ల ఎత్తు. విమానంలో వెళ్తే గంటన్నరలో అంత ఎత్తున దిగుతాం. మొదటిరోజు స్నానం కూడా వద్దు, పడుకోండి అని గైడు చెప్పాడు. మేం తలంటుకున్నాం. రాత్రి అక్కకి నిద్ర పట్టకపోతే నా నిద్రమాత్రలో సగం విరిచి ఇచ్చాను. ఎత్తులో నిద్రమాత్ర ఊపిరిని ఇంకా మందగింపజేస్తుందని నాకు తెలియదు. పొద్దున చూస్తే మంచం చివర కూర్చుని బూటు లేసు పట్టుకుని ఉంది. ముడి వెయ్యడం చేతకావట్లేదు. తల పగిలిపోతోందంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"గైడుకి చెప్పకు అక్కా, హోటల్లో కూర్చోబెడతాడు. డ్రెపుంగ్ చూశాక చెబుదాం" అన్నది నేనే. లేసు కట్టింది కూడా నేనే.

ఆ మఠం కొండ వాలు మీద ఉంటుంది, అన్నీ రాతిమెట్లు. సగం దూరంలో అక్క సున్నపు గోడకి ఆనుకుని జారిపోయింది. నన్ను అమ్మ పేరు పెట్టి పిలిచింది. అటుగా వెళ్తున్న టిబెటన్ ఆవిడ ఒకామె తన ఫ్లాస్కులోని వేడినీళ్ళతో కొంగు తడిపి మొహం తుడిచింది. గైడు ఆక్సిజన్ డబ్బాతో పరిగెత్తుకొచ్చి "ఎప్పటినుంచి?" అని అడిగాడు. "ఇప్పుడే" అన్నాను. అబద్ధం. ఆసుపత్రిలో వేలికి పెట్టిన మిషన్ రక్తంలో ఆక్సిజన్ 61 శాతమే అని చూపించాకగానీ నిద్రమాత్ర సంగతి చెప్పలేదు.

గ్రూప్ వీసా అంటే అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. కలిసి వెళ్ళాలి, కలిసి రావాలి. మా ఇద్దరినీ విడిగా పంపడానికి గైడు ఒక రోజంతా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మిగతావాళ్ళు మమ్మల్ని వదిలి తర్వాతి ఊరు షిగాట్సే వెళ్ళిపోయారు. కాఠ్మాండూలో దిగిన సాయంత్రానికి అక్క మామూలుగా అన్నం తింది. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

నువ్వూ దాచే రకమే. పదో తరగతి లెక్కల పరీక్షకి 102 జ్వరంతో వెళ్ళావు, మాట్లాడకుండా. ఇక్కడ అలా కుదరదు. తలనొప్పి, వాంతి, తూలడం, ఏది వచ్చినా ఆ నిమిషంలోనే గైడుకి చెప్పు. అందరి టూరూ పాడవుతుందని ఆలోచించకు. పాడవనీ. ఎత్తు పడకపోవడానికి ఇచ్చే మందు డయామాక్స్ వేసుకోవాలా అని బయల్దేరే ముందు డాక్టర్ని అడుగు, చిన్నప్పుడు నీకు సల్ఫా మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని తప్పకుండా చెప్పు. రాత్రి నిద్ర పట్టకపోతే మేలుకునే ఉండు.

ఒంట్లో బాగుంటే తెల్లవారుజామునే బార్ఖోర్ వీధికి వెళ్ళు. జోఖాంగ్ గుడి చుట్టూ ముసలమ్మలు మాలలు తిప్పుకుంటూ ప్రదక్షిణ చేస్తుంటారు, మనలాగే కుడివైపుగా. వాళ్ళ వెనకే నడువు. సాష్టాంగపడేవాళ్ళ మొహం మీద ఫోన్ పెట్టకు. వెన్న టీ ఉప్పగా ఉంటుంది, ముఖం ముడవకుండా కొంచెం కొంచెం తాగు. త్సంపా మాత్రం మన పేలపిండే అనుకో, నీకు నచ్చుతుంది. మధ్యాహ్నం సెరా మఠంలో సన్యాసులు చప్పట్లు చరిచి వాదించుకుంటారు, మాటలు అర్థం కాకపోయినా కాసేపు కూర్చుని చూడు.

డ్రెపుంగ్‌కి మాత్రం రెండు మూడు రోజులు ఆగాక వెళ్ళు. పదేసి మెట్లకి ఒకసారి కూర్చో. పైన పెద్ద హాలు ఉంటుందట, వందకు పైగా స్తంభాలట. "లోపల ఎలా ఉంటుందే" అని మీ అమ్మమ్మ ఇప్పటికీ నన్నడుగుతుంది. నేను మాత్రం చూశానా? అక్కడి సిమ్‌తో వాట్సాప్ రాదు, మన సిమ్‌కే రోమింగ్ పెట్టించుకో. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, డ్రెపుంగ్ చూసిన రోజు మా ఇద్దరికీ ఫోన్ చెయ్యి. మీ అమ్మమ్మని నా దగ్గరే కూర్చోబెట్టుకుంటాను.

నీ చిన్నమ్మమ్మ