వాట్లు ఎన్నో అడిగావా?

చి. చిన్నికి ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్ చేసి నువ్వు త్రీడీ పనిలోకి, గేములు తయారుచేసే పనిలోకి పూర్తిగా దిగుతున్నావని చెప్పాడు. చెప్తున్నంతసేపూ వాడి గొంతులో భయమే వినపడింది గానీ నాకు మాత్రం గుండె ఉప్పొంగింది. కంప్యూటర్ మూత విప్పి లోపలికి తొంగిచూసే పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఆ సంబరాన్ని ఫోన్ పెట్టేసేదాకా కూడా నిలవనివ్వలేదు మీ నాన్న. "ఉన్న డెస్క్‌టాప్ అమ్మేస్తుందట అన్నయ్యా. అన్నిటికంటే పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటుందట. ఈరోజుల్లో రెండూ ఒకటేనట" అన్నాడు. రెండూ ఒకటేనని నీకెవరు చెప్పారే?

కోప్పడటానికి రాయడం లేదు. మధ్యమధ్యలో కోప్పడతాను, ఓర్చుకో.

ముందు నీ మాటలో నిజమెంతో చెప్తాను. ఒకప్పుడు అది దాదాపు నిజమే. 2016లో గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్విడియా వాళ్లు తమ జీటీఎక్స్ 1080 చిప్‌ని ల్యాప్‌టాప్‌లలోకి తెచ్చినప్పుడు, అంతకుముందు పేరు చివర తగిలించే 'ఎమ్' అనే అక్షరాన్ని తీసేశారు. తీసేసే హక్కు వాళ్లకి ఉంది కూడా. డెస్క్‌టాప్ కార్డులో లెక్కలు చేసే చిన్న భాగాలు, కోర్లు, 2560 ఉంటే ల్యాప్‌టాప్ చిప్‌లోనూ అవే 2560. పైగా అప్పటి డెస్క్‌టాప్ కార్డు తినే కరెంటు 180 వాట్లే. లావుపాటి ల్యాప్‌టాప్ అయితే అంత వేడిని కాస్త అటూఇటూగా బయటికి నెట్టేయగలిగేది.

ఆ తర్వాత డెస్క్‌టాప్ వాళ్లకి పగ్గాలు లేకుండా పోయాయి. ఎన్విడియా వాళ్లదే ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్లు, 2025లో వచ్చిన 5090 ఏకంగా 575 వాట్లు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ మాత్రం 150 దగ్గర, అవసరానికి అదనంగా ఇచ్చే బూస్ట్ కలుపుకుంటే 175 దగ్గర ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది? రెండు వేళ్ల మందం పెట్టెలోంచి అంతకంటే వేడిని తోడిపోయడం ఫ్యాన్ల వల్ల కాదు. చిప్‌లు చేసేవాళ్ల తెలివి తగ్గి కాదు, వేడికి చోటు చాలక.

చోటు చాలనప్పుడు పేరైనా మార్చాలిగా? మార్చలేదు. డెస్క్‌టాప్ 5090లో 21,760 కోర్లు, ల్యాప్‌టాప్ 5090లో 10,496. సగం కూడా లేవు. నిజానికి ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది డెస్క్‌టాప్ 5080లో వాడే చిప్పే, రవ్వంత కత్తిరించి. దానికి ముందు 4090 విషయంలోనూ ఇదే వరస. ల్యాప్‌టాప్ 4090, డెస్క్‌టాప్ 4080 రెండిట్లోనూ ఒకే చిప్, ఒకే 9,728 కోర్లు. కాకపోతే డెస్క్‌టాప్‌లో దానికి 320 వాట్లు పోస్తారు, ల్యాప్‌టాప్‌లో అందులో సగం. అందుకని నువ్వు ఏ ల్యాప్‌టాప్ స్టిక్కర్ చూసినా మనసులో ఒక మెట్టు దించుకో. సన్నటి మోడల్ అయితే రెండు మెట్లు.

సగం కరెంటు అంటే సగం పని అనుకునేవు, అలా కాదు. చిప్ వేగం చివరి అంచుకి తీసుకెళ్లేకొద్దీ వోల్టేజి పెంచాలి, వోల్టేజి పెరిగితే కరెంటు ఖర్చు అంతకంటే దూకుడుగా పెరుగుతుంది. డెస్క్‌టాప్ కార్డు ఆ చివరి కాస్త వేగం కోసమే బోలెడు వాట్లు తగలేస్తుంది. ల్యాప్‌టాప్ ఆ అంచు దాకా వెళ్లకుండా మధ్యలోనే పొదుపుగా నడుస్తుంది. కాబట్టి అదేదో పనికిమాలినదని నేను అనడం లేదు. ఇంకో మాట కూడా దాచను: ల్యాప్‌టాప్ 5090లో 24 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంది, డెస్క్‌టాప్ 5080లో ఉన్నది 16. నువ్వు చేసే పెద్ద పెద్ద సీన్లు, టెక్స్చర్లు మెమరీలో పట్టకపోతే ఎంత వేగం ఉండి ఏం లాభం? ఆ ఒక్క లెక్కలో ల్యాప్‌టాపే నయం.

ప్రాసెసర్ సంగతి ఇంకాస్త మెరుగు. ఇంటెల్ వాళ్ల ల్యాప్‌టాప్ ప్రాసెసర్ 14900హెచ్‌ఎక్స్‌లో డెస్క్‌టాప్ 14900కేలో ఉన్నట్టే 24 కోర్లు. టర్బోలో, అంటే గట్టిగా పరిగెత్తేటప్పుడు, ఇది 157 వాట్ల దాకా, అది 253 దాకా పోతాయి. చిన్న కోడ్ కంపైల్ చేయడం, ఫొటో తెరవడం లాంటి చిటికెలో అయ్యే పనుల్లో తేడా నీకు తెలియనే తెలియదు. గంటల తరబడి రెండర్, అంటే త్రీడీ సీన్‌ని బొమ్మగానో వీడియోగానో తయారుచేసే పని, పెట్టినప్పుడే బండారం బయటపడుతుంది. ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ వేడిని మోసే హీట్ పైపులు ఎక్కువగా ఉమ్మడివే. ఒకటి గట్టిగా పనిచేస్తే రెండోదాని వాటా తగ్గుతుంది. విడివిడిగా టెస్టు చేసి చూపించే మార్కులు నమ్మకు. రెండూ కలిసి అరగంట కష్టపడ్డాక వేగం ఎంత నిలిచిందో చెప్పే రివ్యూ వెతుక్కో.

ఇక మీ బాబాయి కథ. నీకు సగమే తెలుసు.

2021లో వాడు ల్యాప్‌టాప్ కొన్నాడు. అప్పట్లో నాతో ఒక్క మాట అనలేదు, అంటే నేను కొననివ్వనని వాడి అనుమానం. ఆర్‌టీఎక్స్ 3080 ఉన్నది, సన్నటిది, అల్యూమినియం బాడీ, చూస్తే ముచ్చటేసేది. వాడి ఆఫీసులో పక్కసీటు కుర్రాడి దగ్గర 3070 ఉన్న లావుపాటి ల్యాప్‌టాప్ ఉండేది. ఇటుకలా ఉందని వీడు ఆటపట్టించేవాడు కూడా. ఇద్దరికీ బిల్డింగుల త్రీడీ వీడియోలు రెండర్ చేసే పని. ఒకే ఫైలు ఇద్దరూ పెడితే ఇటుకది ముందు అయిపోయేది. ఒకసారి కాదు, ప్రతిసారీ.

పాపం, వాడు చేయని వైద్యం లేదు. డ్రైవర్లు తీసి మళ్లీ వేశాడు. విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించాడు. ర్యామ్ పెంచాడు. కొన్నచోటికి పట్టుకెళ్తే ఒక పూట ఉంచుకుని "అంతా నార్మల్‌గానే ఉంది సార్" అని తిరిగిచ్చారు. అది అబద్ధం కాదు చూడు, అక్కడే ఉంది చిక్కంతా. చివరికి నా దగ్గరికి తెచ్చాడు, మొహం ఇంత చేసుకుని.

కింది మూత విప్పాను. ఫ్యాన్లలో దుమ్ము లేదు. చిప్ వేడిని హీట్ పైపులకి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోలేదు. రెండర్ పెట్టి టెంపరేచర్ చూస్తే హద్దు దాటడం లేదు, అయినా చిప్ వేగం పైకి లేవడం లేదు. వేడెక్కి తగ్గితే అది వేరు. ఇది వేడెక్కకుండానే తగ్గి కూర్చుంది. జీపీయూ-జెడ్ అని గ్రాఫిక్స్ చిప్ వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి వేగాన్ని ఆపుతున్నది ఏమిటో చెప్పే గడి చూస్తే 'పవర్' అని ఉంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కి మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అన్న వరుస చూపించాను. 80 వాట్లు. ఇటుక కుర్రాడి 3070కి 125. బావిలో పెద్ద మోటారు దింపి దానికి సన్నటి పైపు బిగించినట్టు, కంపెనీవాళ్లే అలా తయారుచేసి అమ్మారు. ఆ 3080 అనే చిప్‌ని 80 వాట్ల నుంచి 150 పైన దాకా ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకోవచ్చు. అంతకుముందు తక్కువ వాట్ల వాటికి 'మ్యాక్స్-క్యూ' అని పేరు పక్కన రాసేవారు, చూసినవాడికి అర్థమయ్యేది. ఆ తరం నుంచి అదీ పోయింది. బిల్లు మీద, పెట్టె మీద, వాడు చదివిన ప్రకటన మీద ఎక్కడా వాట్ల ఊసే లేదు. మీ బాబాయి ఆ అంకెకేసి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. నేనేమీ అనలేదు. అనాలనిపించలేదు.

అక్కడితో అయినా బాగుండేది. వేగం రావడం లేదు కదా అని రాత్రంతా రెండర్ పెట్టి పడుకోవడం మొదలుపెట్టాడు, అదీ మంచం మీద, మెత్త మీద పెట్టి. గాలి పీల్చే కన్నాలు ఎక్కువగా కిందే ఉంటాయి. చార్జర్ ఎప్పుడూ తగిలించే ఉండేది, బ్యాటరీ ఎప్పుడూ నూరు శాతం. కొన్నాళ్లకి టచ్‌ప్యాడ్ నొక్కుపడటం మానేసింది. వాడు టచ్‌ప్యాడ్ చెడిపోయిందనుకుని ఇంకా గట్టిగా నొక్కాడు! నేను మూత తీస్తే కింద బ్యాటరీ పొంగి ఉంది, రేకు ఉబ్బి, మూలలు గుండ్రంగా తిరిగి. అన్నేళ్లు రిపేర్లు చేసిన చేతులే, ఆ రోజు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వణికాయి. లిథియం బ్యాటరీకి పొరపాటున పోటు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. దాని పక్కనే తల పెట్టుకుని పడుకున్నాడు వాడు.

అందుకని, తల్లీ, నువ్వు ఏం కొన్నా కొనకపోయినా ఇది మాత్రం విను. చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది, మొదటి రోజే పెట్టు. మంచం మీద, దుప్పటి మీద, ఒళ్లో రెండర్ వద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు గానీ, మూత సరిగ్గా పడనట్టు గానీ అనిపిస్తే ఆపేసి చార్జర్ పీకేయి, నొక్కకు, పొడవకు, తెలిసినవాళ్లకి ఇచ్చి మార్పించు. నువ్వు నిద్రపోయే గదిలో రాత్రంతా పనిచేసే ల్యాప్‌టాప్ ఉండకూడదు. చాదస్తం అనుకో, ఫర్వాలేదు.

డెస్క్‌టాప్‌కి ఏ దోషం లేదనీ అనను. 2022లో 4090 వచ్చిన కొత్తల్లో దాని పవర్ కనెక్టర్లు కరిగిపోయిన సంగతి నీకూ తెలిసే ఉంటుంది. అలాంటి కార్డు బిగించేటప్పుడు ఆ పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లేదాకా తొయ్యాలి, వైరు మొదట్లోనే మడవకూడదు. కానీ డెస్క్‌టాప్‌లో ఏదైనా పోతే ఆ ముక్క ఒక్కటే మార్చుకుంటాం. చిన్నప్పుడు నేను క్యాబినెట్ విప్పితే నువ్వు పక్కన కూర్చుని స్క్రూలన్నీ అరచేతిలో పోగేసుకుని, దేనికది సైజు ప్రకారం వేరుచేసి అందించేదానివి. ఒకటి కిందపడితే అది దొరికేదాకా అన్నానికి లేచేదానివి కాదు. ల్యాప్‌టాప్‌లో నీకు ఆ యోగం లేదు. గ్రాఫిక్స్ చిప్ దాదాపు అన్నిట్లో బోర్డుకే అతికించి ఉంటుంది. మహా అయితే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మారుతాయి. కొన్నిట్లో ర్యామ్ కూడా మారదు, కొనేముందు చూసుకో. ర్యామ్ ఒకటే స్టిక్ కాకుండా రెండు ఉండాలి.

ఎక్కడికైనా పట్టుకెళ్లి గేమ్ ఆడొచ్చు, పని చేసుకోవచ్చు అంటావు. విమానాల్లో మామూలుగా అనుమతించే హద్దు కాబట్టి ఎంత పెద్ద ల్యాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపే. 200 వాట్లు తినే యంత్రానికి అది ఎంతసేపు వస్తుందో నువ్వే లెక్కేయి. అందుకే బ్యాటరీ మీద ఉన్నప్పుడు గ్రాఫిక్స్ చిప్ వేగాన్ని ల్యాప్‌టాప్ తనంతట తనే బాగా తగ్గించేసుకుంటుంది. పూర్తి వేగం కావాలంటే 280, 330 వాట్ల చార్జర్ మోసుకెళ్లాలి. ఫోన్ చార్జర్ లాంటి యూఎస్‌బీ-సీది సరిపోదు. మెడ నొప్పి అని మొన్నే అన్నావు, ఆ బ్యాగు ఎవరు మోస్తారు?

నా మాట ఇది. నిజంగా వారం వారం చోటు మారుతూ, వెళ్లినచోటల్లా బరువైన సీన్లు తెరవక తప్పదంటే ల్యాప్‌టాప్ కొను, లావుపాటిదే కొను, వాట్లు అడిగి కొను. స్క్రీన్‌కి గ్రాఫిక్స్ చిప్ నుంచి నేరుగా బొమ్మ పంపే మక్స్ స్విచ్ ఉందో లేదో చూడు. ఇంట్లో వాడేటప్పుడు వెనకవైపు కాస్త ఎత్తు పెట్టు, వేరే మానిటర్ తగిలించు. ఆ ఫ్యాన్ల హోరు చెవుల్లో పడుతుంటే నువ్వు హెడ్‌ఫోన్ సౌండ్ ఇంకా పెంచుతావు, నాకు తెలుసు. పెంచకు.

అంత తిరుగుడు లేకపోతే ఉన్న డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మార్చుకో. లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ వాట్లకి తట్టుకుంటుందో లేదో, కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో ముందు కొలుచుకో. బయటికి వెళ్లేటప్పటికి తేలికపాటి మామూలు ల్యాప్‌టాప్ చాలు. నెట్ బాగుంటే ఇంటి కంప్యూటర్‌ని దూరం నుంచి నడపనిచ్చే సన్‌షైన్, మూన్‌లైట్ అనే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని ఎక్కడి నుంచైనా ఇంట్లో మిషన్ మీదే పని చేసుకోవచ్చు. నన్నడిగితే ఇదే చేస్తాను. నువ్వు నన్ను అడగలేదనుకో.

నువ్వు చూసిపెట్టుకున్న ల్యాప్‌టాప్ మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రాసి పంపు. ఒకే పేరుతో రెండు మూడు రకాలు అమ్ముతారు, ఆ తోక అక్షరాల్లోనే తేడా ఉంటుంది. గ్రాఫిక్స్ ఎన్ని వాట్లో వెతికి నేను చెప్తాను. అది తేలేదాకా డెస్క్‌టాప్‌ని ఎవరికీ బేరం పెట్టకు. ఇప్పటికే ఎవరికైనా మాటిచ్చి ఉంటే మా పెదనాన్న ఒప్పుకోలేదని నా మీద తోసేయి. మీ నాన్న సంగతి నాకొదిలేయి.

ఇట్లు,
నీ పెదనాన్న