పాపకు గోధుమ వద్దన్నారు, రాత్రికి ఇంటిల్లిపాదికీ ఏం వండాలి?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా పాపకు తొమ్మిదేళ్ళు. చాన్నాళ్ళుగా కడుపునొప్పి, విరేచనాలు, ఎంత తిన్నా ఒళ్ళు చేయలేదు. పరీక్షలు చేసి సీలియాక్ జబ్బు అని తేల్చారు. గోధుమ, మైదా, బార్లీ జన్మలో ముట్టకూడదట. మా ఆయనకు షుగర్ ఉందని రాత్రిళ్ళు మా ఇంట్లో చపాతీలే చేస్తాను. ఇప్పుడు అందరికీ చపాతీ, పాపకు మాత్రం అన్నం. అది కంచం ముందు కూర్చుని ఏడుస్తోంది. మా అత్తగారేమో “ఒక్క ముక్క తింటే ఏమవుతుంది” అంటున్నారు. రెండు వంటలు చేయలేక, ఆ ఏడుపు చూడలేక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అత్తగారి మాటకు జవాబు చెప్తానమ్మా. ఒక్క ముక్క కూడా వద్దు. ఈ జబ్బున్న పిల్లల ఒంట్లోకి గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పోతే, జబ్బుల మీద పోరాడాల్సిన శక్తే తిరగబడి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పైకి నొప్పి కనబడకపోయినా లోపల ఆ దెబ్బ తగులుతూనే ఉంటుంది. ఈసారి డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు అత్తగారినీ వెంట తీసుకుపోండి. ఆమె చెవులతో ఆమె వింటే సగం గొడవ తీరుతుంది. ఇది రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువున్న జబ్బు. కాబట్టి పాప తోబుట్టువులకూ, మీ ఇద్దరికీ రక్తపరీక్ష సంగతి కూడా అప్పుడే అడగండి.

ఇక వంట. పాపకు విడిగా వండడం మానేయండి. పాప తినేదే అందరికీ వండండి. మా చెల్లెలి మనవడికీ ఇదే జబ్బు. వాడి కంచంలో ఉన్నదే వాళ్ళ తాత కంచంలోనూ పెట్టడం మొదలుపెట్టాక వాడు మారాం మానేశాడు. పిల్లలకు చపాతీ లేదన్న బాధ కంటే, అందరూ తింటుంటే తనొక్కదాన్నే పక్కన పెట్టారన్న బాధ ఎక్కువ.

పైగా మన సీమలో ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన వంటేమీ కాదు. మా అవ్వ కాలంలో కర్నూలు పల్లెల్లో రాత్రికి జొన్నరొట్టె, కొర్రన్నం. మీ వైపు రాగిసంకటి. వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. బియ్యం, రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, పప్పులు, ఉర్లగడ్డ, కోడిగుడ్డు, మాంసం, పాలు, పెరుగు, ఏవీ గ్లూటెన్ ఉన్నవి కావు.

సంకటితో మొదలుపెట్టండి. గ్లాసు బియ్యం కడిగి అరగంట నాననిచ్చి, ఐదు గ్లాసుల నీళ్ళలో ఉప్పు వేసి బాగా మెత్తగా ఉడికించండి. నీళ్ళు ఇంకా కొంచెం ఉండగానే మంట తగ్గించి గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయండి. అప్పుడే కలపొద్దు, ఉండలు కడుతుంది. మూతపెట్టి ఐదారు నిమిషాలు వదిలేస్తే కింది ఆవిరి పిండిలోకి ఎక్కుతుంది. తర్వాత దించి, గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి కట్టెతో గట్టిగా కెలకాలి. తడిచేత్తో తాకితే వేలికి అంటకపోతే ఉడికినట్టు. పాపకు చిన్న ముద్ద చేసి, మధ్యలో గుంత పెట్టి నెయ్యి పోయండి. పక్కన పాలకూర పప్పో, చెనక్కాయల పచ్చడో, ఆదివారమైతే నాటుకోడి పులుసో. మీ ఆయనకూ అదే. కాకపోతే షుగర్ ఉన్నవాళ్ళు సంకటైనా రొట్టైనా ఇష్టమొచ్చినంత తినకూడదు. ముద్ద చిన్నది చేసి కూర, పప్పు ఎక్కువ పెట్టండి.

ఒక రోజు పెసరపప్పు పులగం, ఒక రోజు కొర్రన్నంలోకి పుంటికూర పప్పు, ఒక రోజు కారం దోశ, వాన పడుతుంటే ఉగ్గాని. పాప మరీ పూరీ కావాలంటే, ఉడికిన ఉర్లగడ్డను మెత్తగా మెదిపి, బియ్యప్పిండిలో వేసి వేడినీళ్ళతో కలిపి, కవరు మీద చేత్తో ఒత్తి నూనెలో వేయండి. గోధుమపూరీ అంతలా పొంగవు, అక్కడక్కడా ఉబ్బుతాయి, కానీ వేడిమీద కమ్మగా ఉంటాయి. సేమియా బదులు బియ్యప్పిండితో ఒత్తు శావిగలు చేసి బెల్లం, కొబ్బరి కలిపి పెట్టండి. పండక్కి బక్షాల పైపొర మైదాతో చేస్తారు కాబట్టి అవి వద్దు. ఆ పూర్ణాన్నే బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో ముంచి వేయిస్తే పూర్ణాలు. పాప కూడా అందరితో కలిసి తింటుంది.

ఇంతకీ నాకు భయం వంటల గురించి కాదు, వాటి చుట్టూ ఉండే చిన్నచిన్న వాటి గురించి. ఇంగువ డబ్బా వెనక చదవండి. చాలా కంపెనీలు అందులో గోధుమపిండో మైదానో కలుపుతాయి. మన పోపుకు తెల్లగడ్డ దంచి వేస్తే ఇంగువ లోటు తెలియదు. మల్టీగ్రెయిన్ పిండి, రాగి బిస్కెట్లు, రాగి సేమియా అని పెద్ద అక్షరాలతో ఉన్నా లోపల గోధుమ ఉండొచ్చు. పాలలో కలిపే మాల్ట్ పొడులు బార్లీతో చేస్తారు. సోయాసాస్‌లోనూ మామూలుగా గోధుమ ఉంటుంది. బొంబాయి రవ్వ కూడా గోధుమే, ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యానిది. గ్లూటెన్ ఫ్రీ అని ప్యాకెట్ మీద వేయాలంటే మన దేశం నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అంత తక్కువకు కూడా లెక్క పెట్టారంటే ఒక్క ముక్క చపాతీ సంగతి మీరే ఆలోచించండి.

మర ఇంకా పెద్ద సమస్య. మీ ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని పోయుంటారు. ఆ పిండి రాళ్ళలో, గొట్టంలో ఉండిపోయి మీ రాగిపిండిలోకి వస్తుంది. కుదిరితే ఇంట్లోకి చిన్న పిండిమర కొనుక్కోండి. లేదంటే కొంచెం కొంచెంగా మిక్సీలో వేసి కొత్త జల్లెడతో జల్లించుకోండి. జొన్నలు, రాగులు చేటలో చెరిగి, గోధుమగింజలు ఏరి, కడిగి ఆరబెట్టాకే ఆడించాలి. చపాతీ కర్ర, పీట, పాత జల్లెడ పాపవాటికి వాడొద్దు, కొయ్యలో పిండి దాక్కుంటుంది. హోటల్లో బజ్జీ శనగపిండిదే అయినా, పూరీలు కాల్చిన నూనెలోనే అది కూడా కాలుతుంది. దోశపిండిలో మైదా కలిపేవాళ్ళూ ఉంటారు. అడగకుండా తినిపించొద్దు.

ప్రశ్న: మేడమ్, మాది ప్రొద్దుటూరు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, వంట నేనే చేస్తాను. మా ఆవిడకు గోధుమ పడదని జొన్నరొట్టెలు చేస్తుంటే అంచులు పగిలి, తీసేటప్పుడు రెండు ముక్కలవుతున్నాయి. ఏం తప్పు?

జవాబు: నాయనా, చపాతీని పట్టి ఉంచే బంక గ్లూటెనే. జొన్నలో అది లేదు కాబట్టి ఆ పని మరిగే నీళ్ళు చేయాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలదు, కళపెళ మరగాలి. అందులో ఉప్పు, సగం పిండి వేసి గరిటతో తిప్పి మూతపెట్టండి. చెయ్యి పట్టే వేడికి వచ్చాక మిగతా పిండి కలుపుతూ అరచేతి మడమతో నూకుతూ పిసకండి. ఏ రొట్టెకారొట్టె, తట్టే ముందు మళ్ళీ రెండు నిమిషాలు పిసకాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. ముద్దను రెండు వేళ్ళతో నొక్కితే అంచు చీలకపోతే తట్టొచ్చు.

కింద పొడిపిండి చల్లి, ఒక చేత్తో తడుతూ ఇంకో చేత్తో అంచును ఆపుతూ తిప్పండి. పెనం బాగా కాలాక, పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి తడిగుడ్డతో తుడవండి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. పిండి పాతబడితే మాత్రం ఎంత పిసికినా పగులుతుంది, అందుకే పదిరోజులకు సరిపడేదే పెట్టుకోండి.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తున్నాను. చపాతీ తింటే నాకు కడుపు ఉబ్బరం. గ్లూటెన్ మానితే అందరికీ మంచిదంటున్నారు. రేపటి నుంచే మానేయనా? కొర్రల పొంగలి కొలతలు కూడా చెప్పండి.

జవాబు: మానొద్దు. ముందు డాక్టరుకు చూపించుకుని రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే ఆ పరీక్ష నిజం చెప్తుంది. ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. జబ్బు లేనివాళ్ళు గోధుమ మానాల్సిన పనేమీ లేదు.

పొంగలికి గ్లాసు కొర్రలు రెండు గంటలు నానబెట్టండి. అరగ్లాసు పెసరపప్పు దోరగా వేయించి, రెండూ కలిపి ఐదు గ్లాసుల నీళ్ళతో కుక్కరులో నాలుగు కూతలు రానివ్వండి. నెయ్యిలో మిరియాలు, జీలకర్ర, అల్లం, కరివేపాకు వేయించి పైన పోయండి. చల్లారితే గట్టిపడుతుంది, తినేముందు కాసిని వేడినీళ్ళు కలుపుకోండి.