మూరెడు జాగా వదలండి

చిరంజీవి మేనకోడలికి పెద్దమావయ్య ఆశీస్సులు.

బీచ్ రోడ్డు గోడ మీద మీ స్నేహితులంతా కలిసి ఎక్కడా లేని ఊరొకటి వేయబోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ముప్ఫయ్యేళ్లు గోడల మీద బొమ్మలేసినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

ముందు గోడ సంగతి. విశాఖలో రంగుని తినేసేది ఉప్పుగాలి. తెల్లటి పొడి తేలిన గోడ మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా పొలుసుల్లా లేచిపోతుంది. వైర్ బ్రష్‌తో గీకి, మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి మర్నాడు చూడు. లోపల చెమ్మ కనిపిస్తే ఇంకొన్నాళ్లు ఆగాల్సిందే, ప్రైమర్ డబ్బా మూత తీయొద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. సంక్రాంతి వెళ్లాక మొదలెట్టండి. సముద్రం వైపు గోడ కాబట్టి పొద్దున ఎండ నేరుగా కొడుతుంది, వేడి గోడ మీద రంగు చారలు పడుతుంది. మధ్యాహ్నం నీడ వచ్చాకే పని.

ఇక అసలు మాట. ఊహల ఊరే కదా, ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకోవచ్చనిపిస్తుంది. మేమూ ఒకసారి అలాగే గోడని పంచుకున్నాం. అందరం ప్రాణం పెట్టి వేశాం. పరంజా విప్పి రోడ్డవతల నుంచి చూస్తే, నా సముద్రం పక్కవాడి సముద్రం కన్నా బెత్తెడు ఎత్తులో ఉంది! నా మేడల నీడలు ఎడమకి, వాడివి కుడికి. నా వంతెన వెళ్లి వాడి గుడి గోపురానికి గుద్దుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదమ్మా.

అందుకని ఎండ ఎటు నుంచి పడుతుందో ముందే తేల్చుకోండి. సముద్రం గీతకి నీలిమందు అద్దిన దారం ఈ చివరా ఆ చివరా బిగించి కొట్టండి, దాన్ని ఎవరూ దాటొద్దు. ఒకరి భాగానికీ ఇంకొకరి భాగానికీ మధ్య మూరెడు జాగా వదిలేయండి. ఆఖర్న ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దాన్ని కలిసి వేయాలి. వీధులు, మెట్లు, కరెంటు తీగలు కలిసేది అక్కడే. గొడవపడేదీ అక్కడే. పడండి, పర్లేదు.

ఆకాశం రంగు మొత్తం ఒకే డ్రమ్ములో కలపండి. ఆరాక కాస్త ముదురుతుంది, మూల మీద వేసి ఆరనిచ్చి చూసుకోండి.

దారిన పోయేవాళ్లు ఏదైనా అంటే బ్రష్ ఆపి వినండి. ఓసారి చేపలమ్మే ఆవిడ గంప దించి చాలాసేపు చూసి, "ఇన్ని పడవలేసినారు, చేపలెక్కడ దింపుతారు బాబూ?" అంది. నిజమే, రేవే లేదు! ఐసు ఎక్కడ కొడతారో, ఎండుచేపలు ఎక్కడ పరుస్తారో ఆవిణ్ణే అడిగి వేశాం. గోడ మొత్తంలో జనం ఎక్కువసేపు నిలబడింది ఆ మూల దగ్గరే.

గోడ కడిగే రోజు ఫోన్ చెయ్యి. నా దగ్గర పరంజా కర్రలున్నాయి, ఆటోలో వేసి పంపిస్తాను.

మీ పెద్దమావయ్య