మామగారి మాట, మావారి పట్టు, వాయిదాలు మాత్రం నా జీతంలోంచి

ప్రశ్న: మాది కరీంనగర్. నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. మావారు ప్రైవేటు ఉద్యోగి. మూడేళ్ల పాప ఉంది. మామగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పాత మారుతీ 800 తీసేసి కొత్త కారు కొనాలనుకున్నాం. మామగారు మారుతీ బ్రెజా తప్ప వద్దంటారు. పోయిన ఏడాది రాజీవ్ రహదారి మీద జరిగిన ప్రమాదంలో స్నేహితుణ్ని పోగొట్టుకున్న మావారు టాటా నెక్సాన్ తప్ప మరొకటి చూడనంటారు. ఒకరోజు భోజనాల దగ్గర మావారు “మీ కాలం వేరు నాన్నా” అన్నారు. అప్పటినుంచి మామగారు ఏడింటికే తినేసి గదిలోకి వెళ్లిపోతున్నారు. నెల రోజులుగా ఇద్దరూ ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పి పంపుతున్నారు. రోజూ బడికి కారు నడిపేది నేనే, లోన్ కూడా నా పేరు మీదే. ఎవరి మాట వినాలి?

జవాబు: మామగారికి ఏం కావాలో, మీవారికి ఏం కావాలో మీ ఉత్తరంలో వివరంగా ఉంది. మీకు ఏం కావాలో మాత్రం ఒక్క వాక్యం లేదు. కారు నడిపేది మీరేనన్న సంగతీ, లోన్ మీ పేరు మీదేనన్న సంగతీ ఉత్తరం ముగిసేముందు గుర్తుకొచ్చినట్టు రాశారు. నా జవాబంతా ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంది.

ఇలాంటి తగవుల్లో “ఇది కారు గొడవ కాదు, పెత్తనం గొడవ” అనడం సులువు. నేను అలా అనను. ఇద్దరి వాదనలోనూ నిజంగా బండికి సంబంధించిన విషయమే ఉంది. దారిలో ఆగిపోయిన బస్సుల్ని బాగుచేస్తూ బతుకంతా గడిపిన మనిషి, బండి ఎక్కడైనా మొరాయిస్తే దగ్గర్లో బాగుచేసేవాడు దొరుకుతాడా అనే ముందు అడుగుతాడు. దేశంలో అందరికన్నా ఎక్కువ సర్వీసు కేంద్రాలున్నది మారుతీకే. పైగా బ్రెజాలో ఉన్నది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే అదనపు భాగం) లేని 1462 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. నెక్సాన్ పెట్రోల్‌లో ఉన్నది 1199 సీసీ, మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్. అలాంటి అదనపు భాగం లేని యంత్రం మీద మెకానిక్‌కు నమ్మకం ఎక్కువ. దాన్ని ఛాదస్తమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

మీవారి పట్టు వెనక ఉన్నది భయం, అది కూడా సకారణమైన భయం. మన దేశంలో తయారైన కార్లలో, కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో మొదటిసారి 5 నక్షత్రాలు సాధించింది నెక్సానే, 2018లో. 2023లో వచ్చిన కొత్త రూపానికీ ఆ తర్వాతి పరీక్షల్లో 5 నక్షత్రాలే వచ్చాయి. పాత విటారా బ్రెజాకు 2018లో 4 వచ్చాయి గానీ, ఇప్పుడు అమ్ముతున్న బ్రెజా 2022లో వచ్చిన వేరే మోడల్ కాబట్టి ఆ నక్షత్రాలు దీనికి వర్తించవు. అయితే మీవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించేటప్పుడు, పిల్లల బొమ్మల్ని వెనక సీట్లో బిగించిన పిల్లల సీట్లోనే కూర్చోబెడతారు. మీ పాప ఇప్పుడు ఎక్కడ కూర్చుంటోంది? చాలా ఇళ్లలో జరిగేదే మీ ఇంట్లోనూ జరుగుతుంటే, అంటే ముందు సీట్లో తాతయ్య ఒడిలో కూర్చుని వెళుతుంటే, ఏ కారు కొన్నా పాపకు ఆ నక్షత్రాలు అక్కరకు రావు. కారు ఖర్చుతోపాటు పిల్లల సీటు ఖర్చు కూడా ఈ రోజే రాసుకోండి. ఈ విషయంలో మామగారికీ మీవారికీ తేడా ఉండకపోవచ్చు.

ధర సంగతి కొస్తే, రెండు బండ్లూ 4 మీటర్ల లోపువే అయినా పన్ను ఒకటి కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించని కార్లకు జీఎస్టీ 18 శాతం, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకు 40 శాతం. నెక్సాన్ మొదటి కోవలోకి, బ్రెజా రెండో కోవలోకి వస్తాయి. మామగారికి నచ్చిన ఆ పెద్ద ఇంజినే బ్రెజాను ఎక్కువ పన్ను గీత దాటించింది. అందుకే ప్రచారంలో కనిపించే ప్రారంభ ధరలు పక్కనపెట్టి, మీకు కావలసిన సౌకర్యాలున్న రకానికి రెండు షోరూముల్లోనూ ఆన్‌రోడ్ ధర (పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కలిపింది) కాగితం మీద రాయించుకోండి.

ఇక ఇద్దరూ అడగని మనిషి మీ అత్తగారు. నేల నుంచి బండి అడుగు భాగానికి ఎత్తు నెక్సాన్‌కు 208, బ్రెజాకు 198 మిల్లీమీటర్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఈ అంకెలతో పని లేదు. సీటు మరీ కిందికి ఉంటే లేవడం కష్టం, మరీ పైకి ఉంటే ఎక్కడం కష్టం. ఆవిడను రోజూ కట్టుకునే చీరలోనే తీసుకెళ్లి, రెండు బండ్లలోనూ వెనక తలుపు తీసి మూడుసార్లు ఎక్కించి దించండి. మూడోసారి దిగేటప్పుడు చెయ్యి దేనిమీద ఆనించారో చూడండి, నోటితో చెప్పనిది అక్కడ తెలుస్తుంది. సీఎన్‌జీ ఆలోచన ఉంటే డిక్కీ కూడా తెరిచి చూడండి. బ్రెజాలో సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, నెక్సాన్‌లో రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున పోతాయి. ఆవిడ వాకర్ పెట్టవలసి వస్తే ఈ తేడా పెద్దదే. మీరు ఊళ్లోనే బడికి నడుపుతారు కాబట్టి డీజిల్ జోలికి పోవద్దు. బీఎస్ 6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లలో పొగగొట్టం ఫిల్టరు చిన్నచిన్న ప్రయాణాలతో త్వరగా పూడుకుపోతుంది. ఈ మాట మామగారిని అడిగితే నాకన్నా బాగా చెబుతారు.

లోన్ గురించి ఒక లెక్క చెబుతాను. 9 లక్షలు 9 శాతం వడ్డీకి తీసుకుంటే, అయిదేళ్లకు నెలకు దాదాపు 18,700, ఏడేళ్లకు దాదాపు 14,500 అవుతుంది. తక్కువ వాయిదా చూసి ఏడేళ్లకు ఒప్పుకుంటే మొత్తం మీద సుమారు 95 వేలు అదనంగా కడతారు. “వాయిదా కాస్త పెంచుకుంటే పై మోడల్ వస్తుంది కదండీ” అన్న సేల్స్ కుర్రాడి మాటకు మగవాళ్లిద్దరూ తలూపే క్షణంలో, ఆ కాస్త ఎవరి జీతంలోంచి పోతుందో గుర్తుచేయవలసింది మీరే.

కాబట్టి ఈ రోజునుంచి రాయబారం మానండి. మామగారు “వాడితో చెప్పమ్మా” అంటే, “మీరే చెప్పండి మామయ్యా, నాకు చెప్పడం సరిగా రాదు” అనండి. మీవారికీ అదే జవాబు. ఆ తర్వాత ఒక ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు, “లోన్ నాది, నడిపేది నేను, రెండు బండ్లూ నడిపి చూసి నిర్ణయం నేను చెబుతాను, మీ ఇద్దరి అభిప్రాయాలూ విన్నాను” అని గొంతు పెంచకుండా చెప్పండి. ఏ బండో నన్నడిగితే, పన్ను లెక్క, పాప, మీవారి మనసులోని భయం చూశాక నాకు నెక్సాన్ వైపే మొగ్గు. కానీ గేర్ల బాధ లేకుండా సాఫీగా నడిచే ఆటోమేటిక్ కావాలని మీకనిపించి, నడిపి చూసినప్పుడు బ్రెజా చేతికి అలవాటైనట్టుంటే, నా మొగ్గును పట్టించుకోకండి. బ్రెజాలోనూ ఇప్పుడు అన్ని రకాలకూ 6 ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు.

భోజనాల దగ్గర అన్న మాట సంగతి వేరు. దాన్ని కారుతో కలిపి తేల్చకండి. బండి ఎంపిక జరగకముందే మీవారు ఒక్కరే తండ్రి గదిలోకి వెళ్లి, ఆ మాట తప్పని చెప్పాలి. కారు ఖరారయ్యాక చెబితే గెలిచినవాడి దయలాగో, ఓడినవాడి మర్యాదలాగో ఉంటుంది. మామగారు మళ్లీ అందరితో కలిసి ఎనిమిదింటికి తినడానికి వారం పట్టవచ్చు, తొందరపెట్టకండి.

ఏ బండి ఎంచుకున్నా, డబ్బంతా కట్టేముందు షోరూము వారి యార్డులో దాన్ని పరీక్షించే పని మామగారికి అప్పగించండి. ఆయన్ను ఊరడించడానికి కాదు, మీ ఇంట్లో ఆ పని చేయగలిగింది ఆయనొక్కరే. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ స్టెప్నీ దాదాపు ఒకే కాలానివో కాదో, బండి తయారైన నెల ఏదో, తలుపుల రబ్బర్ల కింద మళ్లీ రంగు వేసిన గుర్తులున్నాయో చూడమనండి. యార్డులో వెలుతురు తక్కువగా ఉండవచ్చు, ఆయన కళ్లద్దాలు, ఒక టార్చిలైటు మీ బ్యాగులో పెట్టుకోండి.