టెక్ సందేహాలు: గాజు ట్యూబు మన మాటలు వింటుందా?

అమలాపురం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాశారు. "మా అబ్బాయి పంపిన ట్యూబ్ యాంప్లిఫయర్ రెండు నెలలు బాగానే పాడింది. ఇప్పుడు తలుపు గట్టిగా వేసినా స్పీకర్లలో ఖంగుమంటోంది. సౌండ్ పెంచితే ఊళ పెడుతోంది. మెకానిక్ చూసి 'ట్యూబు మైక్రోఫోనిక్ అయిపోయిందండి' అన్నాడు. అప్పటినుంచీ మా ఆవిడ ఆ గదిలో ఇంటి విషయాలు మాట్లాడటం మానేసింది. దాంట్లో మైకు ఉందా? ఎవరైనా వింటారా?"

సంక్రాంతికి వచ్చే పిల్లలు ఈ పెట్టెలు తెచ్చి పెట్టి వెళ్ళిపోవడం, ఫాల్గుణంలో నాకు ఉత్తరాలు రావడం మామూలైపోయింది. ఈ ఏడు ఇది నాలుగోది.

మాస్టారూ, ముందు అమ్మగారిని ధైర్యంగా మాట్లాడుకోమనండి. మెకానిక్ అన్నమాట నిజమే కానీ దాని అర్థం వేరు: తగిలిన కుదుపుని కూడా ట్యూబు చప్పుడుగా మారుస్తోందని. ట్యూబు (పాత రేడియోల్లో వాల్వు అనేవాళ్ళమే, అదే) లోపల ఎర్రగా కాలి ఎలక్ట్రాన్లని వదిలే క్యాథోడ్ ఉంటుంది. దాని చుట్టూ వెంట్రుకంత సన్నని తీగతో చుట్టిన గ్రిడ్, దాని బయట ఆ ఎలక్ట్రాన్లని అందుకునే ప్లేట్. పాట కరెంటుగా వచ్చేది గ్రిడ్ మీదకే, అదే ఆ పారుదలని తగ్గించి పెంచుతుంది. క్యాథోడ్‌కీ గ్రిడ్‌కీ మధ్య సందు మిల్లీమీటరులో చిన్న ముక్క. ఆ సందు మారినా ప్లేట్‌కి చేరే కరెంటు మారుతుంది. గ్రిడ్ మీదకి వచ్చింది పాటా, లేక మీ అడుగుల చప్పుడుకి తీగ వణికిందా అన్నది ట్యూబుకి తెలియదు. రెండిటినీ ఒకేలా పెంచి పంపేస్తుంది.

మీ ఫొటోలో ముందు వరసలో ఉన్న చిన్న ట్యూబు ఈసీసీ 83. అమెరికా పేరు 12ఏఎక్స్7. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే పెంచే శక్తికి కొలత, 100. దాని తర్వాత సౌండ్‌ని ఇంకా పెంచే మెట్లు మరికొన్ని ఉంటాయి కాబట్టి అక్కడ చీమ తుమ్మినా స్పీకర్లో వినబడుతుంది. రికార్డ్ ప్లేయర్ తగిలించే చోటైతే మరీను. సూది దగ్గర పుట్టేదే సాధారణంగా కొద్ది మిల్లీవోల్టులు, దాన్ని వంద రెట్లు పెంచితే గానీ పనికిరాదు. వెనక ఉన్న పెద్ద ట్యూబులు కూడా వణుకుతాయి కానీ వాటి తర్వాత పెంచేవాళ్ళు లేరు, అందుకే పెద్దగా వినబడదు. ఇక ఊళ సంగతి మీకు తెలిసిందే. తీర్థాల్లో స్పీకరు ముందుకి మైకు తెస్తే కూయదూ? అదే ఇది.

అంటే ట్యూబు వింటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి! బాగా ముదిరిన దాని దగ్గరికి వెళ్ళి గట్టిగా మాట్లాడితే మీ గొంతు సన్నగా స్పీకర్లో రావచ్చు కూడా. కానీ విన్నది మీ హాల్లోనే, మీకే తిరిగి చెబుతుంది. ఊరు దాటించడానికి దానికి దారి లేదు.

పరీక్ష సులువు. వాల్యూమ్ మామూలుగా ఉంచి, పాట ఆపి, పెన్సిల్ వెనక రబ్బరుతో ఒక్కో చిన్న ట్యూబునీ మెల్లగా తట్టండి. టక్కుమని ఆగితే మంచిదే. గుడిగంటలా సాగితే అదే దొంగ. చిటపటలాడితే మాత్రం చాలాసార్లు తప్పు ట్యూబుది కాదు, దాని కింది పిన్నులది. మన ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి. కరెంటు తీసేసి, చల్లారాక, నాలుగుసార్లు ఊడదీసి పెట్టండి. ఎప్పుడూ ఒకేలా గుంయ్‌మంటూ ఉంటే ఇది అసలు వేరే జబ్బు. గుడిగంటలా సాగిన చప్పుడైతే, మళ్ళీ కరెంటు తీసి చల్లారాక కుడి, ఎడమ ట్యూబులు అటూ ఇటూ మార్చి చూడండి, చప్పుడు ట్యూబుతో పాటే పక్క స్పీకరుకి వెళ్తే ఆ ఒక్కటీ కొనండి. సెట్టంతా మార్చాలన్నవాడికి నమస్కారం పెట్టి పంపేయండి.

కొనేముందు యాంప్లిఫయర్ని స్పీకరు ఉన్న బీరువా మీంచి దించండి. మాది కాలవ గట్టు రోడ్డు. కొబ్బరికాయల లారీ వెళ్ళినప్పుడల్లా నా ట్యూబు మోగేది. తెలివితక్కువగా రెండు కొత్తవి మార్చాను, అవీ మోగాయి. చివరికి కడప బండ ముక్క కింద పాత సైకిల్ ట్యూబు మడతలు పెట్టి దాని మీదికి మార్చాక ఊరుకుంది. ట్యూబు జబ్బుకి ట్యూబే మందు! అయితే ఆ రబ్బరు బండ కిందే ఉండాలి. గాజుకి మాత్రం చుట్టకండి, కరిగి అంటుకుంటుంది. గాజుకి వేసే సిలికాన్ రింగులు వేరే దొరుకుతాయి.

ఇక నాకు భయం వేసింది మీ ఉత్తరంలో చివరి వాక్యం చూసి. "అట్టపెట్టెలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ కూడా వేశాను, ఏవేవో అడిగితే అన్నిటికీ ఓకే నొక్కాను." మాస్టారూ! గాజుబుడ్డిని అనుమానించి దీన్నా నమ్మడం?

బ్లూటూత్‌లో పాట వినడానికి యాప్ అక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో జత చేస్తే చాలు. ప్లే స్టోర్ బయట నుంచి, అట్టముక్క మీది కోడ్ చెప్పిన చోటునుంచి దించిన ఫైల్‌కి మైకు, కాంటాక్ట్స్, మెసేజ్‌లు ఇచ్చారంటే బ్యాంకు ఓటీపీలు కూడా ఇచ్చినట్టే. ఇవాళే తీసేయండి. తీసేశాక సెట్టింగ్స్‌లో, తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడానికి బ్రౌజర్‌కి ఇచ్చిన అనుమతి కూడా ఆపండి, చాలామంది ఇది మర్చిపోతారు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైకు వాడినా తెర పైమూల పచ్చగుర్తు వస్తుంది, దాని మీద కన్నేయండి. బ్లూటూత్ పేజీలో ఈ పెట్టె పేరు పక్కన ఫోన్ కాల్స్ అనే స్విచ్ కనబడితే దాన్నీ ఆపండి. కాల్స్ కోసం లోపల నిజంగానే చిన్న మైకు పెట్టి ఉండొచ్చు.

అసలు గుండ్రటి నాబ్ తిప్పితే అయ్యే పనికి యాప్ ఎందుకు? ట్యూబు వెలుగు చాలదని కింద నారింజ ఎల్‌ఈడీ బిగించి అమ్మేవాళ్ళ నుంచి ఇంతకన్నా ఏం ఆశిస్తాం. పాతకాలం వస్తువు అని చెప్పి డబ్బు తీసుకుంటారు, కొత్తకాలం రోగాలన్నీ దాంట్లో కలిపి పెడతారు. బ్లూటూత్‌కి పిన్ అడగని పెట్టెలైతే మరీను. పక్కింటి కుర్రాడు మీ హాల్లో అర్ధరాత్రి డీజే పాట పెట్టగలడు.

పాలకొల్లు నుంచి ఇంకొకరు: "తాతగారి వాల్వు రేడియోకి ఫోన్ తగిలించేలా పిన్ పెట్టించమంటారా?"

వాల్వుల మీది పేర్లు చూడకుండా వద్దు. యూసీహెచ్ 81, యూఎల్ 84, యూవై 85 లాగా యూ అక్షరంతో మొదలైతే అది ఏసీ, డీసీ రెండిటికీ పనిచేసేలా ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చేసిన సెట్టు అయి ఉంటుంది. దాని లోపలి ఇనప రేకు నేరుగా 230 వోల్టుల తీగల్లో ఒకదానికి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే స్విచ్ ఆపినా ఆ రేకులో కరెంటు ఉండొచ్చు. ఆ రేకుకే మీ ఫోన్ వైరు కలుపుతారు, ఫోన్ మీ చేతిలో ఉంటుంది. ఇంట్లో స్టెబిలైజర్ ఉంది కదా అనకండి. మన ఇళ్ళలో వాడే స్టెబిలైజర్ వోల్టేజి సరిచేస్తుందే తప్ప మెయిన్స్ నుంచి సెట్టుని విడదీయదు. అందుకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేరే కావాలి. అది బిగించగలిగినవాడు దొరికేదాకా తాతగారి రేడియోని ప్లగ్గు తీసి బల్ల మీద ఉంచండి.