పరగడుపా, ఉపవాసమా?

సందేహం: ల్యాబ్‌వారిచ్చిన చీటీలో ‘షుగర్ పరీక్షకు ఉపవాసంతో రావలెను’ అని ఉంది. శనివారం ఒక్కపొద్దుండే మా అత్త అలవాటుగా పాలు తాగి, అరటిపండు తిని వెళ్లింది. ‘ఉపవాసమంటే అది కాదమ్మా’ అని వెనక్కి పంపారు. ఉపవాసం, ఒక్కపొద్దు, పరగడుపు: వీటిలో ఏది సరైన మాట? మంచినీళ్లు తాగితే పరగడుపు చెడుతుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: తప్పు మీ అత్తగారిది కాదు, చీటీ రాసినవారిదే. ‘ఫాస్టింగ్’ కనిపించగానే నిఘంటువు తిరగేసి ‘ఉపవాసం’ దించేశారు. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండటం. దేవుడి సన్నిధిలో ఉండటమని పెద్దలు చెప్పే అర్థం. అందులో కడుపు ప్రసక్తే లేదు కనుక పాలూ పళ్లూ చెల్లిపోతున్నాయి. ఒక్కపొద్దులోనేమో ఒకపూట భోజనమే ఉంది. పైగా మన సీమలో ముస్లింల రోజానూ ఒక్కపొద్దే అంటాం. అందులో పగలు నీళ్లు కూడా ముట్టరు. (మ్రాను మానైనట్టు ప్రొద్దు పొద్దయింది. మీ ఊరి పేరులో ఆ రేఫ ఇంకా నిలిచే ఉంది. ఆ ప్రొద్దును సూర్యుడిగా తీసుకుని బ్రధ్నపురి అని సంస్కృతం కూడా కట్టారు.)

నీళ్ల సంగతికి పోతన దగ్గరికి వెళ్లక తప్పదు. ఆయనది ఒంటిమిట్టా ఓరుగల్లా అన్న పేచీ ఇక్కడ వద్దు. భాగవతం నవమ స్కంధంలో అంబరీషుడు ద్వాదశీ వ్రతం పట్టి మూడు రాత్రులు ఉపవసించాడు. పారణ (ఉపవాసం విడిచే భోజనం) వేళకు దుర్వాసుడు వచ్చి, భోజనానికి ఒప్పుకొని, కాళిందికి స్నానానికి వెళ్లి ఎంతకీ రాడు. ద్వాదశి దాటితే వ్రతభంగం, అతిథిని వదిలి తింటే అపచారం. రాజు విప్రులనడిగాడు. నీళ్లు పుచ్చుకుంటే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది అని వాళ్లు తేల్చారు. రాజు నీళ్లు పుచ్చుకున్నాడు. దుర్వాసుడు మాత్రం దాన్ని తిండి కిందే కట్టి, రాజు మీదికి కృత్య అనే రాక్షసిని పుట్టించాడు. ల్యాబులో చెల్లేది విప్రుల తీర్పే. మంచినీళ్లతో చక్కెర పెరగదు. గొంతు తడపకుండా వెళ్తేనే చిక్కు: ఒంట్లో నీరు తగ్గి సూదికి నరం దొరకదు (అది నిజానికి సిర, ఆ తగువు మరోసారి).

షుగరుకు కనీసం 8 గంటలు కడుపు ఖాళీగా ఉంటే చాలు. కొవ్వుల పరీక్షకు 9 నుంచి 12 అడుగుతారు, తిన్న కొవ్వు ట్రైగ్లిజరైడ్ల రూపంలో గంటల తరబడి రక్తంలో తిరుగుతుంది కనుక. రాత్రి ఎనిమిదింటికి సంగటి తిని పొద్దున ఏడింటికి రక్తమిస్తే రెండింటికీ సరిపోతుంది. చక్కెర వేయని కాఫీ కూడా వద్దు. పరగడుపు లెక్క డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపుంటే మామూలు. 126కు చేరితే మధుమేహమని అనుమానించి మళ్లీ చేయిస్తారు. పాలూ అరటిపండూ పడ్డాక తీసిన రక్తానికి ఈ గీతలు వర్తించవు. తిండి లేకుండా షుగరు మాత్రో ఇన్సులినో ముందే పడితే చక్కెర పడిపోవచ్చు, డాక్టర్నడిగి వెళ్లాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీకి ఈ బాధ లేదు.

మన ఇళ్లలో కషాయానికీ మాత్రకూ చెప్పుకునే మాట పరగడుపు. అందులో దేవుడూ లేడు, పొద్దూ లేదు, కడుపొక్కటే ఉంది. పాచినోరు వేరు, పళ్లు తోముకునే వెళ్లవచ్చు. పరిగడుపు అనేవారినీ నేను దిద్దను.

చీటీకి పరగడుపే తగిన మాట అంటాను. పక్కన ‘మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు’ అని రాస్తే ఉపవాసాన్నీ కొట్టేయను. మత్తుమందిచ్చే ఆపరేషనుకు మాత్రం పరగడుపు కూడా చాలదు. మత్తులో ఉండగా కడుపులోది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే మామూలుగా తేలికపాటి తిండి 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మాంసం, వేపుళ్లు తింటే ఇంకా ముందు. ఏది ఎన్నింటికి ఆపాలో మత్తు డాక్టరు చేత గడియారం లెక్కన రాయించుకోండి.