పుడింగ్ షోమెర్ అడుగున పాకం ఎందుకు గట్టిపడుతోంది?

పైన కేకు, అడుగున పాకం ఉండే, కెనడాలోని కెబెక్ రాష్ట్రం వారి పుడింగ్ షోమెర్‌ను మేపుల్ సిరప్‌తో ఇంట్లో చేస్తే, చల్లారేసరికి అడుగున పాకం చెంచా దిగనంత గట్టిపడుతోందని, లోపం పిండిలో ఉందా, ఓవెన్‌లో ఉందా అని మీరు అడిగారు. బహుశా రెండింటిలోనూ లేదు. మాంట్రియల్‌కు వచ్చిన తొలి శీతాకాలంలో నేను చేసిన పుడింగు కూడా ఇలాగే అయింది.

పాకం వేళ్ల మధ్య తీగ సాగితే తప్ప పొయ్యి మీద నుంచి దించని ఇంట్లో పెరిగాను కనుక, ఇక్కడా అదే చేశాను. అయితే మేపుల్ సిరప్ సీసాలోకి చేరేనాటికే పాకం: దాదాపు 40 లీటర్ల చెట్టు రసం మరిగి మరిగి ఒక లీటరుగా మిగులుతుంది, అందులో మూడింట రెండు వంతులు చక్కెరే. దాన్ని మళ్లీ తీగపాకం దాటేదాకా మరిగిస్తే, ఇక్కడ మార్చి నెలలో మంచు మీద పోసి పుల్లకు చుట్టుకుని తినే సాగుడు మిఠాయి అవుతుందే తప్ప, పుడింగుకు కావలసిన జారుడు పాకం కాదు.

ఒకటిన్నర కప్పుల సిరప్‌లో అంతే క్రీమ్ కలిపి, ఒక్క పొంగు రాగానే దించండి. క్రీమ్ 35 శాతం కొవ్వు ఉన్నదే కావాలి. కాఫీలో పోసుకునే పల్చటి క్రీమ్ వాడినప్పుడు నాకు పాలు విరిగినట్టు విరిగిపోయింది. 115 గ్రాముల వెన్న, ముప్పావు కప్పు చక్కెర, రెండు గుడ్లు, ఒకటిన్నర కప్పుల మైదా, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్‌తో కలిపిన పిండిని 9 అంగుళాల లోతైన చదరపు పాత్రలో సర్ది, దాని మీద ఆ వేడి పాకాన్ని నెమ్మదిగా పోసి, ఎంత కలపాలనిపించినా కలపకుండా 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర 35 నుంచి 40 నిమిషాలు ఉంచితే, పిండి పైకి తేలి కేకు అవుతుంది, పాకం కిందికి దిగుతుంది. అది పొంగి ఓవెన్‌లో మాడకుండా కింద ఒక పళ్లెం పెట్టడం మరవకండి.

ఫ్రెంచిలో షోమెర్ అంటే నిరుద్యోగి. 1929 నాటి మాంద్యంలో బ్రౌన్ షుగర్ వంటి చవక సరుకులతో పుట్టిన వంటకమని చెబుతారు; నేటి సిరప్ ధరకు ఆ పేరు వెక్కిరింతలాగే ఉంటుంది.

ఇప్పటికే గట్టిపడిన పుడింగును పారేయకండి. అంచుల వెంట పావు కప్పు వేడి క్రీమ్ పోసి, 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే పాకం మళ్లీ జారుతుంది.